కథల పోటీ పెడదామనుకుంటున్నారా? ముందు చదివేవాళ్ళని లెక్కపెట్టుకోండి

టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు అంటారు, మన వైపు పిల్లలకీ పెద్దలకీ కలిపి ఒక కథల పోటీ పెడదాం మాస్టారూ అని. అందరూ పెడదాం పెడదాం అంటారు, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పోస్టర్ తయారు, మొదటి బహుమతి ఇంత, చివరి తేదీ ఫలానా, అంతే. నలభై రోజులు గడిచేసరికి ఒకరింట్లో రెండు సంచుల నిండా కవర్లు, మెయిల్లో ఇంకో వంద, ఫోన్లో అడ్డంగా నిలువుగా తీసిన పేజీల ఫొటోలు, వీటన్నిటినీ చదివే నాథుడు మాత్రం ఉండడు. నేను పక్కనుంచి చూసి చెప్తున్న మాట కాదిది, మేం మొదటిసారి పెట్టినప్పుడు ఆ రెండు సంచులూ మా ఇంట్లో మంచం కిందే ఉన్నాయి, ఇల్లు ఊడ్చినప్పుడల్లా మా ఆవిడ చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అప్పటినుంచి నేర్చుకున్నవి రాస్తున్నా, మీ ఊళ్ళో ఎవరైనా పెట్టే ఆలోచనలో ఉంటే పనికొస్తాయని.

నా లెక్క ఎప్పుడూ వెనకనుంచి మొదలవుద్ది. బహుమతులెన్ని అన్నది తర్వాత, ముందు ఎంతమంది చదువుతారో తేల్చుకోండి. పదిహేనువందల మాటల కథ చదివి, రెండు ముక్కలు నోట్ రాసుకోడానికి నాకైతే పావుగంట పడుతుంది, చేతిరాత అయితే ఇంకాస్త. 200 కథలొచ్చి ఒక్కో కథనీ ఇద్దరు చదవాలనుకుంటే 400 సార్లు చదవాలి, పావుగంట చొప్పున 100 గంటలు. ఎనిమిది మంది ఉంటే మనిషికి పన్నెండున్నర గంటలు, రోజుకో గంట కూర్చున్నా రెండు వారాలు. ఈ ఎనిమిది మందీ పోస్టర్ వెయ్యకముందే సరే అనాలి, "చూద్దాంలెండి" అన్నవాళ్ళని లెక్కలో వెయ్యకండి, వాళ్ళు చూడరు. నలుగురే దొరికారనుకోండి, పోటీ మానేయక్కర్లేదు, మాటల పరిమితి వెయ్యికి దించండి, లేకపోతే ఈ ఏడాదికి పిల్లలకి మాత్రమే పెట్టి పెద్దలది వచ్చే ఏడాదికి ఉంచండి.

ఇద్దరెందుకు, ఒకరు చదివితే చాలదా అంటారు. చాలదు. మధ్యాహ్నం భోంచేసి కునుకు మధ్యలో చదివిన కథ ఒకటి పక్కన పడేస్తాం, రెండోవాళ్ళు ఉదయం పూట చదివి "ఇదేంటండీ, ఇంత బాగుంటే పక్కన పెట్టారు" అంటారు. ఇది ప్రతి ఏడాదీ జరుగుద్ది. పోటీకి పంపినవాళ్ళకి మనం బాకీ పడేది ఒక్కటే, శ్రద్ధగా చదవడం. 200 మందిలో 190 మందికి ఏమీ రాదు, వాళ్ళకి దక్కేదల్లా ఎవరో ఒకరు తన కథ ఆఖరి లైను దాకా చదివారన్న నమ్మకమే.

ఈ చదివేవాళ్ళలో రచయితలే ఉండాలని లేదు, అందరూ రచయితలే అయితే ఇంకా ఇబ్బంది, ఎవరికి వాళ్ళు తమలా రాసినవాళ్ళకే మార్కులేస్తారు. ఒక రిటైర్డ్ తెలుగు టీచరు, బ్రాంచి లైబ్రరీకి రోజూ పేపర్ కోసం వచ్చే ఒకాయన, ఇరవయ్యేళ్ళుగా వారపత్రికలు వదలకుండా చదివిన ఒక గృహిణి, డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి, ఇలా కలగలుపుగా ఉంటే బాగుంటుంది. మా దగ్గర అందరికన్నా బాగా పట్టుకునేది ఒక బ్యాంకు క్యాషియరు, జీవితంలో ఒక్క కథ కూడా రాయలేదు ఆయన, కానీ మూడో పేజీలో "ఇక్కడ నాకు బోర్ కొట్టింది" అని మార్జిన్లో రాస్తాడు, తీరా చూస్తే నిజంగానే కథ అక్కడే చచ్చిపోయుంటుంది.

ఇక ప్రాంతీయ పోటీ అంటే ఏ ప్రాంతం అనేది తేల్చుకోవాలి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ గొడవలన్నీ ఇక్కడే. మాది శ్రీకాకుళం వైపు. ఉత్తరాంధ్ర అని పోస్టర్ మీద వేశాం, 2022లో జిల్లాలు విడిపోయాక పార్వతీపురం మన్యం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు అని కొత్తవి వచ్చాయి, సరే అన్నీ కలిపాం. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే టెక్కలి అబ్బాయి ఫోన్ చేసి నేను పంపొచ్చా అన్నాడు. బరంపురం నుంచి ఒకావిడ, మాది ఒడిశాలో ఉంటుంది గానీ ఇంట్లో తెలుగే కదండీ, మా పిల్లలు రాయకూడదా అంది. నిజమే కదా, బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఎంతమంది తెలుగువాళ్ళున్నారు, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే, ఆయన్ని మనవాడంటూ ఆ ఊరి పిల్లల్ని వద్దనడం ఏం న్యాయం. అందుకని ఇప్పుడు మా రూలు ఇలా ఉంటుంది: ఇక్కడ పుట్టినవాళ్ళు, ఇక్కడ చదువుకుంటున్నవాళ్ళు, ఇక్కడ ఉంటున్నవాళ్ళు, సరిహద్దు దాటి ఒడిశా వైపున్న తెలుగువాళ్ళు, ఎవరైనా పంపొచ్చు, ఎక్కడివాళ్ళో ఒక్క లైన్లో చెప్తే చాలు. ఆధార్ కార్డులు అడక్కండి, కథల పోటీకి ఆధార్ ఏంటండీ.

తేదీలు. ఆగస్టు 29న, గిడుగు వారి పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా, ఆ రోజు ప్రకటిస్తే బళ్ళలో ఎలాగూ ఏదో కార్యక్రమం ఉంటుంది, మన పోస్టరు కూడా అదే బోర్డు మీద ఎక్కుద్ది. దసరా సెలవులు అయిపోయిన వారానికి చివరి తేదీ పెట్టండి, పిల్లలకి రాసుకోడానికి సెలవులు దొరుకుతాయి, పెద్దలకీ దాదాపు రెండు నెలలు వచ్చినట్టే. ఫలితాలు నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో, హాలు లైబ్రరీ వాళ్ళే ఇస్తారు, 14న బాలల దినోత్సవం కూడా కలిసొస్తుంది. దసరా బాగా ఆలస్యంగా వచ్చిన ఏడాది మాత్రం ఈ లెక్క కుదరదు, చదవడానికి మూడు వారాలు కూడా మిగలవు, అప్పుడు ఫలితాలు సంక్రాంతి దాటించి ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవానికి పెట్టుకోండి. మార్చిలోకి మాత్రం పోవద్దు, పదో తరగతి పరీక్షల్లో మీ పోటీని ఎవడూ పట్టించుకోడు, పట్టించుకోకూడదు కూడా.

వయసులు ఎలా విడగొట్టాలంటే, తరగతుల వారీగా వద్దు, పుట్టిన తేదీ వారీగా పెట్టండి. మేం మొదట ప్రైమరీ, హైస్కూలు, పెద్దలు అని పెట్టాం. ఇంటర్ పిల్లలు ఎటూ కాకుండా పోయారు, పదిహేడేళ్ళ పిల్ల నలభయ్యేళ్ళ సీనియర్ రచయితలతో పోటీ పడాల్సొచ్చింది, ఐటీఐ చదివేవాళ్ళు, బడి మానేసిన వాళ్ళయితే అసలు ఏ గడిలోనూ లేరు. ఇప్పుడు 8 నుంచి 12 ఏళ్ళు, 13 నుంచి 17, 18 దాటినవాళ్ళు, మూడే మూడు విభాగాలు. పెద్దల్లో మాత్రం ఒక చిన్న కిటుకు ఉంది, ఇప్పటిదాకా ఎక్కడా కథ అచ్చుకాని వాళ్ళకి విడిగా ఒక బహుమతి ఉంచండి. లేకపోతే ప్రతి పోటీకీ పంపే పది పదిహేను మంది చెయ్యి తిరిగినవాళ్ళు ఉంటారు, వాళ్ళ తప్పేం లేదు, బాగానే రాస్తారు, బహుమతులన్నీ వాళ్ళకే పోతాయి, కొత్తగా రాసిన కిరాణా కొట్టాయన మళ్ళీ కలం పట్టడు.

పిల్లలకి ఏం టాపిక్ ఇవ్వాలన్నది అన్నిటికన్నా ముఖ్యం, దీనిమీదే మేం ఎక్కువ దెబ్బ తిన్నాం. "పర్యావరణ పరిరక్షణ" అని ఇచ్చామండీ ఒక ఏడాది. నూటికి తొంభై కథల్లో ఒక చెట్టు మాట్లాడింది, మనిషి ఆ చెట్టు కొట్టబోయాడు, చెట్టు ఏడ్చింది, మనిషి మారిపోయాడు, నీతి: చెట్లను నరకరాదు. చదివి చదివి మాకే గొడ్డలి పట్టుకోవాలనిపించింది. పిల్లల తప్పు కాదు, టాపిక్ ఇచ్చిన వాళ్ళ తప్పు, వ్యాసం టాపిక్ ఇచ్చి కథ అడిగితే వ్యాసానికి కాళ్ళూ చేతులూ వచ్చి నడుస్తుంది, అంతే.

ఇప్పుడు జరిగే పనులు ఇస్తున్నాం. "బస్సు రాని రోజు". "మా ఇంట్లో పోయిన వస్తువు". "అమ్మమ్మ ఎవరికీ చెప్పొద్దన్న మాట". "కరెంటు పోయిన రాత్రి". ఈ చివరిది ఇచ్చిన ఏడాది చూడాలి మీరు, ఉద్దానం వైపు పిల్లలు 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను గురించి రాశారు, కూలిన కొబ్బరి చెట్లు, జీడితోట, ఫోన్ ఛార్జింగ్ కోసం జనరేటర్ ఉన్న ఇంటి ముందు లైను, విశాఖ పిల్లలకేమో 2014 హుద్‌హుద్ గురించి పెద్దవాళ్ళు చెప్పిన ముచ్చట్లు. ఎవరికీ ఎవరూ నీతి చెప్పలేదు. మన తెలుగాయన పాలగుమ్మి పద్మరాజు గారు ఒక తుఫాను రాత్రి మీద రాసిన గాలివాన కథకే కదా, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. పోటీ కథ గొప్ప సందేశంతోనే ఉండాలని ఎవరైనా టీచరు పట్టుబడితే నేను ఈ ముక్క చెప్తుంటా. పోస్టర్ మీద పెద్దక్షరాల్లో వెయ్యండి: చివర నీతి రాయక్కర్లేదు. ఈ ఒక్క లైనుతో వచ్చే కథల మొహాలే మారిపోతాయి.

పెద్దలకి టాపిక్ ఇవ్వకండి. కావాలంటే "మన ప్రాంతం కథలో కనిపించాలి" అనండి చాలు. అది కూడా జాగ్రత్త, కనిపించాలి అంటే కొంతమంది మొదటి పేరాలో నాగావళి, రెండో పేరాలో పైడితల్లి సిరిమాను, మూడో పేరాలో అరకు కాఫీ వేసేసి నాలుగో పేరా నుంచి ఎక్కడైనా జరిగే కథ రాసేస్తారు. ఊరి పేరు తీసేస్తే కథ నిలబడదు అనిపించినదే ఆ ఊరి కథ.

భాష గురించి ఒక మాట. గిడుగు వారి పుట్టినరోజున పోటీ ప్రకటించి, ఆయన జీవితమంతా ఏ వాడుక భాష కోసం కొట్లాడారో ఆ భాషలో పిల్లాడు రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసే టీచర్లు ఉన్నారు మన దగ్గర. "ఏటి సేస్తన్నావు", "గుంటడు ఎల్లిపోనాడు" అని మాటల్లో రాస్తే ముద్దుగా ఉంటుంది, పైగా ఆ పాత్ర అలాగే మాట్లాడుతుంది మరి, దాన్ని "ఏమి చేయుచున్నావు" చేసి పంపితే అమ్మమ్మ కాస్తా న్యూస్ రీడర్ అయిపోద్ది. మాండలికానికి మార్కులు తగ్గించం అని నిబంధనల్లోనే రాయండి, చదివేవాళ్ళకి కూడా విడిగా చెప్పండి. పిల్లల విభాగంలో అచ్చుతప్పులకి కూడా కోత వెయ్యొద్దు, వొత్తు తప్పు పోతే కొంప మునగదు. మన్యం వైపు సవర, కువి లాంటి భాషలు ఇంట్లో మాట్లాడే పిల్లలు ఉంటారు, వాళ్ళకి తెలుగు బళ్ళో నేర్చుకున్న భాష, వాళ్ళ వాక్యం వేరే రకంగా నడుస్తుంది, ఆ నడకే ఒక్కోసారి కథకి అందం తెస్తుంది, తొందరపడి దిద్దేయకండి.

నిబంధనలు ఒక పేజీ దాటకూడదు. మేం వాడేది దాదాపు ఇలా ఉంటుంది, కాపీ కొట్టుకోండి పర్లేదు:

"కథ మీ సొంతం అయ్యుండాలి. అనువాదం, అనుసరణ వద్దు. ఇంతకుముందు పత్రికలో గానీ, వెబ్‌లో గానీ, ఫేస్‌బుక్‌లో గానీ వచ్చినది వద్దు, ఇంకెక్కడా పరిశీలనలో ఉండకూడదు. పెద్దలకి 1500 మాటలు, 13–17 వాళ్ళకి 800, 8–12 వాళ్ళకి రెండు పేజీల చేతిరాత. కథ ఉన్న పేజీల మీద ఎక్కడా మీ పేరు రాయొద్దు. విడి కాగితం మీద పేరు, పుట్టిన తేదీ, ఊరు, ఫోను, కథ సొంతమని హామీ రాసి సంతకం పెట్టండి, పిల్లలైతే అమ్మో నాన్నో కూడా పెట్టాలి. ఒకరు ఒక కథే పంపాలి. ప్రవేశ రుసుం లేదు. కథ మీద హక్కులు మీవే. ఫలితాలు ఫలానా రోజు ప్రకటిస్తాం, బహుమతి రాకపోయినా అందరికీ కబురు పెడతాం."

ఇందులో రెండు విషయాల దగ్గర ఆగుతా. ప్రవేశ రుసుం వందే కదా అనిపిస్తుంది, హాలు ఖర్చులకి వస్తాయి అనిపిస్తుంది, వద్దు. ఇంట్లో వంద అడగలేని పిల్ల రాయబోయిన కథ మనకి రాదు, పైగా డబ్బులు తీసుకున్నాక ఓడినవాళ్ళు కొనుక్కున్న వస్తువు పాడైనట్టు దెబ్బలాటకి వస్తారు. బహుమతి సొమ్ము తగ్గించుకోండి, పర్లేదు. రెండోది హక్కులు. చాలా పోస్టర్ల మీద "పోటీకి వచ్చిన కథలపై సర్వహక్కులు నిర్వాహకులవే" అని అలవాటుగా కొట్టేస్తారు, ఎవరిని చూసి ఎవరు రాశారో తెలీదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్ళవే హక్కులు, రాతపూర్వకంగా ఇస్తే తప్ప చేతులు మారవు, ఆ రాతలో గడువు చెప్పకపోతే ఐదేళ్ళ కిందే లెక్క. మనకి కావాల్సిందల్లా గెలిచిన కథల్ని ఒకసారి పుస్తకంగా వేసుకునే అనుమతి, అదే అడగండి. వేరే ఎవరో పోటీ పెడితే పంపేవాళ్ళు కూడా ఆ లైను ఒకటికి రెండుసార్లు చదువుకోండి.

కథలు తీసుకునే దారి. పోస్టు, మెయిలు, వాట్సాపు, లైబ్రరీలో పెట్టె, నాలుగూ తెరిచి పెడితే నాలుగు చోట్లా వెతుక్కోవాలి, అయినా సరే పిల్లలకి మాత్రం లైబ్రరీ పెట్టె, బడిలో టీచరు చేతికివ్వడం ఉంచాల్సిందే. పెద్దలకి మెయిలు, పోస్టు. రిజిస్టర్డ్ పోస్టుని ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా, ఖర్చు ఎక్కువ, మామూలు పోస్టులో పంపమనే చెప్పండి, అందగానే "మీ కథ అందింది, నంబరు 47" అని ఒక మెసేజ్ కొట్టండి, ఆ ఒక్క మెసేజ్‌తో వచ్చే ఫోన్లు సగం తగ్గుతాయి. టైపు చేసి పంపేవాళ్ళకి యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్లో తెరిచినా తెలుగులోనే కనిపించే అక్షరాల్లోనే, పంపమని గట్టిగా చెప్పండి. కొందరు 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో చేయించి పంపుతారు, మన కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ డాలర్ గుర్తులూ కనిపిస్తాయి, మార్చేటప్పుడు వొత్తులు ఊడిపోతాయి. అలా వస్తే పీడీఎఫ్ అడగండి. చేతిరాత ఫొటోలైతే పేజీ నంబరు వెయ్యమనండి, ఒకసారి నాలుగో పేజీ రెండో పేజీగా చదివి "ప్రయోగాత్మక కథ" అని ఎనభై మార్కులు వేశాడు మావాడు.

వచ్చిన రోజే రిజిస్టర్లో ఎక్కించి నంబరు వేసెయ్యండి, పేరున్న కాగితం ఒక కవర్లో, కథ ఇంకో ఫైల్లో. ఈ రిజిస్టరు చదివేవాళ్ళలో ఎవరి దగ్గరా ఉండకూడదు. చిన్న ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు, ఫలానా ఆయన తోడల్లుడి కథ అని తెలిస్తే మంచివాడికి కూడా చెయ్యి వణుకుద్ది.

ప్రచారం గురించి ఎక్కువ చెప్పను. జిల్లా పేజీలో ఒక చిన్న వార్త, టీచర్ల వాట్సాప్ గ్రూపులు, బ్రాంచి లైబ్రరీల నోటీసు బోర్డులు. కానీ ఫేస్‌బుక్‌లో వేస్తే వచ్చేది ఎప్పుడూ రాసేవాళ్ళే. కొత్తవాళ్ళు కావాలంటే మనిషి వెళ్ళాలి. ఒక ఆదివారం బైకు మీద నాలుగు ఊళ్ళు తిరిగి డ్వాక్రా మీటింగులో ఐదు నిమిషాలు, ఆర్టీసీ డిపోలో ఐదు నిమిషాలు మాట్లాడితే వచ్చిన పదకొండు కథల్లో మూడు ఫైనల్‌కి వచ్చాయి మాకు. రాయడం రాదు గానీ చెప్పగలను అన్నావిడ ఒకరుంటే, ఆవిడ చెప్తుంటే మనవరాలు రాసిచ్చింది, అలాంటివి తీసుకోండి, చెప్పినవాళ్ళ పేరూ రాసినవాళ్ళ పేరూ రెండూ వెయ్యండి.

ఇక అసలు పని, చదవడం. మార్కుల పట్టికలు చాలామంది తయారుచేస్తారు, వస్తువుకి 25, శిల్పానికి 25, భాషకి 25 అని. నా అనుభవంలో అది పనిచేయదు, ఎందుకంటే ఒకరు ధారాళంగా ఎనభైలు వేస్తారు, ఇంకొకరు నలభై దాటించరు, సగటు తీస్తే నలభై మాస్టారి చేతిలో పడ్డ కథలన్నీ గోవిందా. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది, సగటులో ఎప్పుడూ గెలిచేది ఎవరికీ అభ్యంతరం లేని కథ. తేడాగా రాసిన కథకి ఒకరు 95, ఇంకొకరు 35 వేస్తారు, సగటు 65, ఇంటికి. అందుకని మేం మార్కులు మానేసి మూడు కుప్పలు పెట్టాం: ముందుకి, వద్దు, మాట్లాడుకుందాం. ఇద్దరిలో ఒక్కరు "ముందుకి" అన్నా రెండో రౌండుకి వెళ్తుంది. అలా వెళ్ళినవాటిలో ఇద్దరూ పూర్తిగా వేరేగా చెప్పినవీ, "మాట్లాడుకుందాం" కుప్పలోవీ అందరం కూర్చుని గట్టిగా చదువుకుంటాం, కాఫీలు తాగుతూ, ఆ కూర్చోవడంలోనే అసలు మజా. ఒక్కో ఏడాది మొదటి బహుమతి ఆ మూడో కుప్పలోంచే వచ్చింది.

ఫైనల్‌కి ఇరవై కథల కన్నా ఎక్కువ ఉంచకండి, న్యాయనిర్ణేతలుగా బయటి జిల్లావాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని అడగండి, వాళ్ళకి కనీసం రెండు వారాలు ఇవ్వండి, చదివినందుకు ఏదో ఒక పారితోషికం ఇవ్వండి, "మీకు శాలువా కప్పుతాం సార్" అంటే కుదరదు. వాళ్ళని కూడా మార్కులు అడక్కుండా ఒకటి నుంచి ఐదు దాకా వరస రాసి పంపమనండి, ఎందుకు అనేది రెండు లైన్లలో. ఏ విభాగంలో అయినా మొదటి బహుమతికి తగ్గ కథ లేదనిపిస్తే ఆపే హక్కు మాకుంది అని కొందరు పెడతారు, పెద్దలకి పెట్టుకోండి మీ ఇష్టం, పిల్లలకి మాత్రం పెట్టొద్దు.

కాపీలు, చాట్‌జీపీటీ. దీనిగురించి అందరూ అడుగుతారు. పాత రకం కాపీ పట్టుకోవడం తేలిక, అనుమానం వచ్చిన కథలోంచి ఒక వింత వాక్యం తీసి గూగుల్‌లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. పేరూ వస్తువూ ఎక్కడో చదివినట్టుంటే మా శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టింది, తెలుగు కథలన్నిటినీ ఒక్కచోట చేర్చాలని ఆయన పడ్డ కష్టం వల్ల ఇవాళ వాళ్ళ వెబ్‌సైట్‌లో కథ పేరుతో, రచయిత పేరుతో వెతుక్కోవచ్చు. మీరు ఈ వైపు వస్తే ఒకసారి లోపలికి వెళ్ళి చూడండి, పోటీ పెట్టేవాళ్ళకి కళ్ళు తెరుచుకుంటాయి, ఇన్ని వేల కథలు రాశారా మనవాళ్ళు అని.

మెషీను రాసిన కథ పట్టుకోడానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయంటారు, తెలుగులో వాటిని నమ్మి ఎవరినీ దొంగ అనకండి, నిజంగా రాసినవాళ్ళని అవమానిస్తాం. ఫైనల్‌కి వచ్చినవాళ్ళకి ఫోన్ చేసి ఐదు నిమిషాలు కథ గురించి మాట్లాడటం అంత మంచి పరీక్ష ఇంకోటి లేదు. ఈ ఊరేనా, ఆ ముసలాయన ఎవరు, ముగింపు ముందే అనుకున్నారా అని ఊరికే కబుర్లలా అడిగితే రాసినవాళ్ళు ఆగకుండా చెప్తారు, మనమే పెట్టేయాల్సొస్తుంది. చిత్తు కాగితాలు దాచి ఉంచమని ముందే చెప్పండి. పిల్లల విభాగంలో ఫైనల్‌కి వచ్చిన పదిహేను మందినీ ఒక ఆదివారం లైబ్రరీకి పిలిచి, ఒక టాపిక్ ఇచ్చి, గంటన్నర కూర్చోబెట్టి రాయించండి, ఇంటి నుంచి పంపిన కథా ఇదీ కలిపి చూడండి. వాళ్ళ నాన్నో ట్యూషన్ సారో రాసిచ్చింది ఏదో అక్కడే తెలిసిపోద్ది. ఒకసారి ఒక బాబు కథ పాత పిల్లల పత్రికలోంచి దించిందని తేలింది, అందరి ముందూ ఏం అనలేదు, బయటికి తీసుకెళ్ళి అడిగితే "మా ఇంట్లో అందరికీ అది నచ్చింది, అందుకే" అన్నాడు. వాడికి పన్నెండేళ్ళు. వేరేది రాయరా, నీది, అని కాగితాలిచ్చి కూర్చోబెట్టాం, బహుమతి రాలేదు గానీ తర్వాతి ఏడాది మళ్ళీ పంపాడు.

ఫలితాల సభ. వేదిక మీద పదకొండు కుర్చీలు వెయ్యకండి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, వీళ్ళందరూ మాట్లాడి పిల్లల పేర్లు పిలిచేసరికి ఒంటిగంట అవుద్ది, ఆకలికి పిల్లలు ఏడుస్తుంటారు, దూరం ఊళ్ళవాళ్ళకి బస్సు వెళ్ళిపోద్ది. బహుమతులు ముందు, ఉపన్యాసాలు తర్వాత, ఇది తిరగేస్తే చాలు హాలు మూడ్ మారిపోద్ది. గెలిచిన కథలోంచి ఒక పేజీ రాసినవాళ్ళ చేతే చదివించండి, జనం శాలువాల కన్నా దాన్నే గుర్తుపెట్టుకుంటారు. పిల్లలకి మెమెంటోలు కొనే డబ్బుతో పుస్తకాలు కొనండి, వాళ్ళే బల్ల మీంచి ఏరుకునేలా పెట్టండి. పిల్లల ఫొటోలు పోస్ట్ చేసేముందు అమ్మానాన్నల్ని అడగండి, ఫోను నంబర్లు, బడి చిరునామాలు ఎక్కడా వెయ్యొద్దు.

పుస్తకం వేస్తే మంచిది, ఓపికుంటే. పుస్తకం వెనక వేసే గుర్తింపు నంబరు, ఐఎస్‌బీఎన్, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ముందు ఏ కథకి ఆ రచయిత చేత ప్రూఫు చూపించండి, ముఖ్యంగా మాండలికం ఉన్నవి, డీటీపీ చేసేవాళ్ళు పాపం మంచి ఉద్దేశంతోనే "ఎల్లిపోనాడు"ని "వెళ్ళిపోయినాడు" చేసేస్తారు. గెలిచిన ప్రతి ఒక్కరికీ రెండు కాపీలు ఉచితం, ఒకటి వాళ్ళ బడి లైబ్రరీకి, ఒకటి కథానిలయానికి.

మిగిలిపోయింది బహుమతి రాని 190 మంది సంగతి. చదివేటప్పుడు రాసుకున్న నోట్లు ఉంటాయి కదా, అక్కడ పనికొస్తాయి అవి. ఒక్కో కథ గురించి ఒక్క లైను, నచ్చింది ఏదో అది మాత్రమే, మెసేజ్‌లో పంపండి. "మీ కథలో తాత చెప్పులు కుట్టించుకునే చోటు మా ఇద్దరికీ బాగా నచ్చింది" అంతే, ఇంకేం వద్దు, సలహాలు అడిగితేనే. నలుగురు కూర్చుంటే రెండు సాయంత్రాల పని. మాకు ఆ మెసేజ్‌కి ఒకావిడ నుంచి జవాబు వచ్చింది, "చెప్పులు కాదండీ, గొడుగు, అది నంబరు 48 కథ అయ్యుంటుంది, నాది 47" అని. అందుకే చెప్తున్నా, పంపేముందు నంబర్లు ఒకసారి సరిచూసుకోండి.